బూజును చంపడం తేలికే, మనిషిని మిగల్చాలి

ఉద్యోగ విరమణ చేశాక కూడా పరిశోధక విద్యార్థులు ఇంటికి వస్తూనే ఉంటారు. చేతిలో ఫోను, అందులో ఒక ఫొటో. అగర్ ప్లేటు మీద కాండిడా అనే ఫంగస్ తెల్లటి పొరగా పరుచుకుని ఉంటుంది. ఏదో ఆకు రసం పెట్టిన చోట మాత్రం గుండ్రంగా ఖాళీ. "సార్, మా కాంపౌండు పనిచేసింది" అంటారు. ఆ మొహాల్లో సంతోషం చూస్తే వెంటనే నోరు విప్పబుద్ధి కాదు. కాఫీ తాగాక మెల్లగా మొదలుపెడతాను.

ఫంగస్ మీద పనిచేసే మందుల వెతుకులాటలోనే నా ఉద్యోగ జీవితమంతా హైదరాబాదులో గడిచింది. మట్టిలోంచి తీసిన సూక్ష్మజీవులు, అడవి మొక్కల ఆకులూ బెరళ్లూ, కెమిస్టులు ఫ్లాస్కుల్లో తయారుచేసిన కొత్త అణువులు, అన్నీ నా బల్ల మీదికి వచ్చాయి. వాటిలో మందుల దుకాణం దాకా వెళ్లింది ఒక్కటీ లేదు. ఈ రంగంలో నూటికి తొంభై తొమ్మిది మంది కథ ఇదే, సిగ్గుపడాల్సిందేమీ లేదు. వచ్చిన పిల్లలకు విడివిడిగా చెప్పేవన్నీ ఒకచోట రాసి పెడదామని ఈ ప్రయత్నం.

1. బూజు మనకు దగ్గరి చుట్టం

ఫినాయిల్ కూడా కాండిడాను చంపుతుంది. సలసల కాగే నీళ్లూ చంపుతాయి. చంపడంలో గొప్పేమీ లేదు.

బాక్టీరియా మన కణానికి బాగా దూరం. దాని గోడ వేరు, ప్రోటీన్లు తయారుచేసే యంత్రాంగం వేరు. పెన్సిలిన్ వెళ్లి బాక్టీరియా గోడ కట్టుబడిని ఆపితే మన కణాలకు చీమ కుట్టినట్టయినా ఉండదు, ఎందుకంటే అలాంటి గోడే మనకు లేదు. ఫంగస్‌తో ఆ వెసులుబాటు లేదు. పరిణామ క్రమంలో అది మొక్కలకన్నా జంతువులకే దగ్గర. దానికీ కేంద్రకం ఉంది, మైటోకాండ్రియా ఉంది, ఎంజైముల్లో చాలావాటికి మన ఒంట్లో దాయాదులున్నాయి. కలుపును చంపే మందు వరిని వదిలిపెట్టాలి, కలుపేమో అచ్చం వరిలాగే ఉంది. అదీ చిక్కు.

ఉన్న తేడాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మన కణపొరలో కొలెస్టరాల్ ఉంటే ఫంగస్ పొరలో ఎర్గోస్టెరాల్ ఉంటుంది. దానికి గ్లూకాన్, కైటిన్‌లతో కట్టిన గోడ ఉంది, మనకు లేదు. ఒంట్లోకి ఇచ్చే మందులు చాలావరకు ఈ రెండు తేడాల చుట్టూనే తిరిగాయి. ఆంఫోటెరిసిన్ ఎర్గోస్టెరాల్‌ను పట్టుకుంటుంది. ఫ్లూకోనజోల్ లాంటి ఎజోల్‌లు, టెర్బినాఫిన్ దాని తయారీని వేర్వేరు మెట్ల దగ్గర ఆపుతాయి. కాస్పోఫంగిన్ గోడలో గ్లూకాన్ తయారు కాకుండా అడ్డుపడుతుంది. ఫ్లూసైటోసిన్ అని ఇంకొకటి ఉంది, కేన్సర్ కోసం 1957లో తయారుచేస్తే అక్కడ పనికిరాక ఇటు వచ్చింది. బాక్టీరియా మందుల జాబితా పక్కన పెట్టి చూస్తే ఇదెంత?

పైగా ఎజోల్‌లు ఆపే ఎంజైము మనలోనూ ఉంది. తేడా అంతా ఏది ఎంత మోతాదుకు లొంగుతుందన్న దగ్గరే. కీటోకోనజోల్ మాత్ర 1981లో అమెరికాలో అనుమతి పొందినప్పుడు పెద్ద వరంలా కనిపించింది. అది మన కాలేయాన్నీ మన హార్మోన్ల తయారీనీ కూడా తాకుతుందని క్రమంగా తేలింది. 2013లో అమెరికా ఆ మాత్ర వాడకాన్ని బాగా కుదించేసింది, యూరప్ అయితే అమ్మకమే ఆపమంది. షాంపూగా, పూతగా మాత్రం ఇప్పటికీ నిక్షేపంగా ఉంది.

అందుకే నా బల్ల దగ్గర ఒక కట్టడి ఉండేది. ఏ నమూనా అయినా కాండిడాను చంపితే, దాని గుణగానం మొదలుపెట్టేలోపే ఎర్రరక్తకణాల మీద పెట్టి చూడాలి. పెద్ద ఖర్చేమీ లేని పరీక్ష. కడిగిన కణాలలో నమూనా కలిపి, 37 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో తిప్పితే కణాలు ఎర్రగా అడుక్కు దిగాలి, పైన నీరు తేటగా ఉండాలి. పైనీరు గులాబీ రంగుకు తిరిగిందంటే మీ పదార్థం మనిషి కణాన్నీ పగలగొట్టినట్టే. కుంకుడుకాయ రసం పెట్టి చూడండి. కాండిడా మీద బాగానే పనిచేస్తుంది, ఎర్రకణాల మీద ఇంకా బాగా పనిచేస్తుంది. అందులోని సాపోనిన్లకు ఆ పొరా ఈ పొరా అన్న పట్టింపు లేదు.

2. ఎలుకను అడిగిన ఇద్దరమ్మలు

ఈ రంగంలోకి వచ్చేవాళ్లు మొట్టమొదట తెలుసుకోవాల్సిన కథ ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్‌లది. ఇద్దరూ న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ ఉద్యోగులు. హేజెన్ న్యూయార్క్ నగరంలో సూక్ష్మజీవుల పని చూసేది. బ్రౌన్ ఆల్బనీలో కెమిస్టు. మధ్య దూరం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. 1940ల చివర్లో వీళ్ల మధ్య రాకపోకలు పోస్టులోనే సాగాయి. హేజెన్ మట్టి నమూనాల్లోంచి సూక్ష్మజీవులను పెంచి, కాండిడా మీద, క్రిప్టోకాకస్ అనే ఇంకో ఫంగస్ మీద పెట్టి చూసి, పనిచేసినదాన్ని గాజు జాడీలో పెట్టి ఆల్బనీకి పంపేది. బ్రౌన్ అందులోంచి అసలు పదార్థాన్ని వేరుచేసి తిరుగు టపాలో పంపేది. అప్పుడు హేజెన్ దాన్ని ఎలుకల మీద పరీక్షించేది.

కథలో కీలకం ఆ ఎలుకల దగ్గరే ఉంది. ఫంగస్‌ను చంపినవి చాలానే దొరికాయి, దాదాపు అన్నీ ఎలుకలనూ చంపాయి. విసుగు పుట్టాల్సిన చోట వాళ్లు విసగలేదు. చివరికి వర్జీనియాలో హేజెన్ స్నేహితుల పాడిపశువుల క్షేత్రం నుంచి తెచ్చిన మట్టిలో స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవి ఒకటి దొరికింది. ఆ స్నేహితుల ఇంటిపేరు నర్స్, దాంతో ఆ సూక్ష్మజీవికి నౌర్సియై అన్న పేరు పడింది. దాన్నుంచి వచ్చిన మందును 1950లో లోకానికి ప్రకటించారు. న్యూయార్క్ స్టేట్ పేరు కలిసొచ్చేలా దానికి నిస్టాటిన్ అని పేరు పెట్టారు.

నిస్టాటిన్‌ను సూదిమందుగా ఇవ్వలేం, రక్తంలోకి వెళితే విషమే. మింగితే పేగుల్లోంచి ఒంట్లోకి ఎక్కదు. చూడటానికి ఇది లోపం. నోటిపూతకూ పేగుల్లో కాండిడాకూ వాడేటప్పుడు ఆ లోపమే రక్ష. పసిపిల్లల నోట్లో తెల్లపూతకు ఇప్పటికీ దీన్ని చుక్కలుగా వేస్తారు. పేటెంటు మీద వచ్చిన కోటీ ముప్ఫై లక్షల డాలర్ల పైచిలుకు సొమ్మును ఆ ఇద్దరూ సొంతానికి వాడుకోలేదు, మొత్తం పరిశోధనలకే వెళ్లింది.

మన దేశంలోనూ ఇలాంటి కథ ఉంది, చెప్పేవాళ్లే తక్కువ. పుణె దగ్గర పింప్రిలో హిందుస్తాన్ యాంటీబయాటిక్స్ పెట్టిన తొలి దశాబ్దాల్లో ఎం.జె. తిరుమలాచార్ బృందం అక్కడి మట్టిలోంచే స్ట్రెప్టోమైసిస్ పింప్రినాను పట్టి, హామైసిన్ తీసింది. కంపెనీ పేరులోని అక్షరాలతోనే మందుకు పేరు. అదే సంస్థ నుంచి ఆరియోఫంగిన్ వచ్చింది, అది పంట తెగుళ్లకు వెళ్లింది. హామైసిన్ ఫంగస్ మీద ఆంఫోటెరిసిన్‌కు తీసిపోనిదే. విషగుణమే దాన్ని ముందుకు పోనివ్వలేదు. సొంత మట్టిలోంచి సొంత మందు తీయగల చేవ స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే మనకు ఉండేదని నేటి విద్యార్థికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

3. ప్లేటు మీది గుండ్రం సున్నాను చూసి మురిసిపోకండి

అగర్ ప్లేటు నిజం చెప్పదు, అడిగినదానికి జవాబు చెబుతుంది. మీ పదార్థం అగర్‌లో పాకగలదా అన్నది అక్కడ మొదటి ప్రశ్న. నూనె లాంటి పదార్థం ఎంత బలమైనదైనా పెట్టిన చోటే కూర్చుంటుంది, సున్నా చిన్నగా వస్తుంది. బలహీనమైనదే అయినా నీళ్లలో కరిగేదైతే చకచకా పాకి పెద్ద సున్నా గీస్తుంది. సున్నాల వ్యాసాలు మిల్లీమీటర్లలో కొలిచి, పది మొక్కలకు ర్యాంకులిచ్చిన థీసిస్‌లు నేను చాలానే చదివాను.

సున్నాను వదిలి 96 గుంటల ప్లేటుకు వెళ్లండి. బఫర్‌తో 7.0 పీహెచ్ దగ్గర నిలిపిన ఆర్‌పీఎంఐ మీడియం, లెక్కపెట్టి వేసిన కణాలు, సగం సగం తగ్గుతూ పోయే మోతాదులు, 35 డిగ్రీల దగ్గర 24 గంటలు. పక్కన తెలిసిన మందు ఒకటి, స్వభావం తెలిసిన ప్రామాణిక స్ట్రెయిన్ ఒకటి తప్పకుండా ఉండాలి. అవి రావాల్సిన అంకె రాకపోతే ఆ రోజు ప్లేటు మొత్తం చెత్తబుట్టకే. ఆకుల ముడి రసంతో ఇక్కడ ఇంకో తిప్పలు. క్లోరోఫిల్ పచ్చదనంలో గుంట అడుగున కాండిడా పెరిగిందో లేదో కంటికి ఆనదు. అద్దం మీద పెట్టి కింది నుంచి చూసినా అనుమానమే. అలాంటప్పుడు ఆ గుంటల్లోంచి చుక్క తీసి కొత్త ప్లేటు మీద గీయడం ఒక్కటే దారి. కరిగించడానికి వాడిన డీఎంఎస్ఓ ఒక్కదాన్నే కూడా పక్క వరసలో పెట్టండి, ఎందుకంటే మోతాదు మించితే అదే కాండిడాను అణుస్తుంది.

ఆ తర్వాత అంకెల సంగతి. "మిల్లీలీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర పనిచేసింది" అని రాసేస్తారు. మనిషి ఒంట్లో నీరు సుమారు 40 లీటర్లు. ఒంటినిండా ఆ మోతాదు నిలవాలంటే 40 గ్రాముల పదార్థం లోపలికి వెళ్లాలి. ఫ్లూకోనజోల్ చూడండి. అది ఒంట్లోని నీటి భాగమంతటా పరుచుకునే మందు. 400 మిల్లీగ్రాములిస్తే లీటరుకు సుమారు 10 మిల్లీగ్రాములు, అంటే మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాములు. ఆ కాస్తతోనే పని జరుగుతుంది. మీ ఆకు రసం దీనికి వంద రెట్ల దూరంలో ఉంది. ముడి రసంలో అసలు పదార్థం కొంచెమే ఉండొచ్చు కాబట్టి ఆశ వదులుకోనక్కర్లేదు. అయితే ఆ వేరుచేసే పని చేశాకే "మందు" అన్న మాట వాడండి.

4. వేపచెట్టును కోర్టుకు ఎక్కించిన వాళ్లు, పసుపును తలకెక్కించుకున్న వాళ్లు

వేపనూనెతో పంటల మీద ఫంగస్‌ను అరికట్టే పద్ధతికి అమెరికా వ్యవసాయశాఖకూ, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకీ యూరప్ పేటెంట్ కార్యాలయం 1994లో పేటెంటు ఇచ్చింది. మన రైతులకు తరతరాలుగా తెలిసిన సంగతి ఇది. పర్యావరణ ఉద్యమకారిణి వందనా శివ, మరికొందరు కలిసి ఎదురు తిరిగితే 2000లో ఆ పేటెంటు రద్దయింది, 2005లో అప్పీలూ వీగిపోయింది. ఆ గెలుపు న్యాయమైనది. కానీ ఆ గెలుపు తర్వాత మన దగ్గర ఒక ధీమా పెరిగింది. తాతల నాటిదంతా ముందే రుజువైపోయిందన్నట్టు మాట్లాడటం మొదలైంది. పేటెంటు చెల్లదనడం వేరు, ఒంట్లోకి వెళ్లే మందుగా పనిచేస్తుందని తేల్చడం వేరు.

అమ్మమ్మల వైద్యాన్ని నేను తక్కువ చెయ్యను. తామరకు సీమ అవిసె ఆకు నూరి రాసేవారు. వాములోని థైమాల్, లవంగంలోని యూజెనాల్ ఫంగస్‌ను నిజంగానే చంపుతాయి. వీటన్నిటిలో ఒక సంగతి గమనించారా? అన్నీ పైపూతలే. మొక్క తన ఆకును, బెరడును కాపాడుకోవడానికి చేసుకున్న పదార్థాలు చర్మం మీద పనిచేయడం సబబే. సూదితో రక్తంలోకి ఎక్కించాలనుకున్న క్షణం నుంచి ఆట మొత్తం మారుతుంది.

పసుపు సంగతి మరీ విడ్డూరం. అందులోని కుర్కుమిన్ అనే పదార్థం ఏ పరీక్షలో పెట్టినా పనిచేసినట్టే కనిపిస్తుంది. ప్రోటీన్లకు అడ్డదిడ్డంగా అంటుకుంటుంది, తనంతట తాను కాంతి విరజిమ్ముతుంది, మీడియంలో గంటల్లో విరిగిపోతుంది. ఇలా పరీక్షనే మోసగించే అణువులను 2010లో బేల్, హాలోవే అనే శాస్త్రజ్ఞులు జాబితాగా కట్టారు. 2017లో ఔషధ రసాయనశాస్త్ర పత్రికలో వచ్చిన ఒక పెద్ద సమీక్ష, కుర్కుమిన్ మీద 120కి పైగా జరిగిన ట్రయల్స్‌ను తిరగేసి, గట్టి పద్ధతిలో నెగ్గింది ఒక్కటీ లేదని తేల్చింది. పసుపు కూరలో వేసుకోండి, పారాణి పెట్టుకోండి. పీహెచ్‌డీ కోసం మాత్రం ఇంకో అణువును వెతుక్కోండి.

"సహజం" అన్న మాట మంచితనానికి సర్టిఫికెట్ అనుకునే వాళ్లకు ఒక్క పేరు చాలు. వేరుశనగకు పట్టే ఆస్పర్జిల్లస్ బూజు చేసే అఫ్లటాక్సిన్ నూటికి నూరుపాళ్లు సహజం, కాలేయ కేన్సర్ కారకాల్లో మొదటి వరసలోది. అదే సమయంలో మంచి మందులు చాలా మటుకు ప్రకృతిలోంచే వచ్చాయన్నదీ నిజం. గ్రిసియోఫుల్విన్ 1939లో పెనిసిలియం బూజు నుంచి వచ్చింది. ఆంఫోటెరిసిన్ వెనిజులాలో ఒరినోకో నది ఒడ్డు మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ నుంచి, కాస్పోఫంగిన్‌కు మూలం స్పెయిన్‌లో లొజోయా లోయలో దొరికిన ఒక ఫంగస్ నుంచి. బూజును చంపే మందును ఎక్కువసార్లు మనకిచ్చింది పక్కనున్న సూక్ష్మజీవే, చెట్టు కాదు. ఎజోల్‌లు మాత్రం పూర్తిగా మనిషి చేతి పని.

5. కరగని మందు మందే కాదు

విద్యార్థులు దీన్ని ఫార్మసీ వాళ్ల తలనొప్పి అనుకుంటారు. ఆంఫోటెరిసిన్ చరిత్ర మొత్తం ఈ తలనొప్పే.

అది నీళ్లలో కరగదు. మొదట పిత్తలవణం ఒకటి కలిపి పసుపుపచ్చ పొడిగా సీసాల్లో నింపారు. సెలైన్‌లో కలిపితే అవక్షేపమై అడుగు పడుతుంది, 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే ఎక్కించాలి, అదీ గంటల తరబడి మెల్లగా. ఎక్కడం మొదలైన కాసేపటికే రోగికి పళ్లు టకటకమని కొట్టుకునేంత వణుకు, ఆ వెనకే జ్వరం. నాలుగు దుప్పట్లు కప్పినా ఆగేది కాదు, పెథిడిన్ ఇచ్చి ఆపేవారు. రోజులు గడిచేకొద్దీ క్రియాటినిన్ పెరిగేది, పొటాషియం పడిపోయేది. మందు ఫంగస్‌ను గెలిచినా మూత్రపిండాలు ఓడిపోయే పరిస్థితి. ల్యాబుల్లో కూర్చున్న మాబోటి వాళ్లు ఒక్కసారైనా ఆ వార్డు చూడాలి. "సెలెక్టివిటీ" అనే గ్రాఫు గీతకు అర్థం ఏమిటో అక్కడ తెలుస్తుంది.

అణువును మార్చకుండానే ఈ బాధను చాలావరకు తగ్గించింది కొవ్వుపొరల సంచి, లైపోజోము. మందును అందులో పొదిగితే మూత్రపిండాల మీద భారం బాగా తగ్గింది. మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో బిమల్ కుమార్ బచావత్ బృందం ఈ దారిలో ముందే నడిచింది. 1990ల్లో ఇది మార్కెట్లోకి వచ్చాక డాక్టర్లు ఊపిరి పీల్చుకున్నారు, ధర చూసి రోగులు మాత్రం పీల్చుకోలేకపోయారు.

2021 మే నెలలో ఈ లెక్కంతా మన వీధుల్లోకి వచ్చింది. కోవిడ్ రెండో అల వెనకే బ్లాక్ ఫంగస్. అదుపు తప్పిన చక్కెర, విచ్చలవిడిగా వాడిన స్టెరాయిడ్లు దానికి దారి వేశాయి. హైదరాబాదులో కోఠీ ఈఎన్‌టీ ఆసుపత్రిని దీనికి ప్రధాన కేంద్రం చేశారు. బ్లాక్ ఫంగస్‌కు కారణమైన మ్యూకర్ జాతుల మీద ఫ్లూకోనజోల్ పనిచేయదు, వోరికోనజోల్ పనిచేయదు, కాస్పోఫంగిన్ ఒంటరిగా చాలదు. మొదట అందుకోవాల్సింది మళ్లీ ఆ 1950ల నాటి ఆంఫోటెరిసినే. లైపోజోము రకం కిలో బరువుకు రోజుకు 5 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి 300, అంటే 50 మిల్లీగ్రాముల సీసాలు రోజుకు ఆరు, అలా కొన్ని వారాలు. కొడుకులూ అల్లుళ్లూ చీటీ పట్టుకుని షాపు షాపూ తిరిగిన రోజులవి. బయటివాళ్లు అడిగేవారు, మన ఊళ్లో ఇన్ని ఫార్మా కంపెనీలుండి ఎందుకు చేయలేరని. ముడిమందు రావాల్సింది పెద్ద తొట్లలో పెరిగే సూక్ష్మజీవి నుంచి. దాన్ని రసాయనంలా రాత్రికి రాత్రి రెట్టింపు చేయలేం. ఆపైన సంచి కట్టే పని, అది అందరి దగ్గరా ఉండే యంత్రం కాదు.

6. పక్క బల్ల వాళ్లతో మాట్లాడండి

యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఫోలిక్ ఆమ్లంతో, మెథోట్రెక్సేట్‌తో, ఫైలేరియా మందుతో కలిపి చెబుతారు. అమెరికాలోని లెడర్లీ కంపెనీలో ఆయన పరిశోధన నడిపిన రోజుల్లోనే, రిటైరై డెబ్బై దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్ మట్టి నమూనాల్లోంచి బాక్టీరియా మందు ఆరియోమైసిన్‌ను పట్టారు. వృక్షశాస్త్రం, సూక్ష్మజీవశాస్త్రం, రసాయనం, వైద్యం ఒకే కప్పు కింద పనిచేసిన ఫలితం అది. భీమవరంలో పుట్టిన సుబ్బారావు గారి పేరు మీద హెసెల్టైన్ అనే శాస్త్రజ్ఞుడు 1953లో ఒక ఫంగస్‌కు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టాడు. మన పిల్లలకు ఇది పాఠ్యపుస్తకంలో ఉండాల్సింది.

7. పొలంలో కొట్టిందీ, మురుగులో కలిసిందీ వార్డుకు వస్తాయి

వరికి పాముపొడ తెగులు వస్తే హెక్సాకోనజోల్, ప్రాపికోనజోల్. మిరపకు టెబ్యుకోనజోల్. పేర్ల చివర చూడండి. ఆసుపత్రిలో వాడే ఎజోల్‌లూ ఇవీ ఒకే కుదురువి, ఒకే ఎంజైమును కొడతాయి. పొలంలో, కంపోస్టు కుప్పలో ఉండే ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్‌కు వీటితో సహవాసం కుదిరితే, దాని విత్తనాలు గాలిలో కొట్టుకొచ్చి జబ్బు మనిషి ఊపిరితిత్తుల్లో పడేసరికే వోరికోనజోల్‌కు లొంగనివై ఉంటాయి. ఎజోల్ ఎన్నడూ వాడని రోగుల్లో కూడా ఇలాంటివి నెదర్లాండ్స్‌లో ముందు బయటపడ్డాయి, తర్వాత మన దేశంలోనూ కనిపించాయి. రైతును తిట్టి లాభం లేదు. కొట్టమన్నది దుకాణదారు, ఇంకో మార్గం చూపాల్సింది మనం. ఆ మార్గాలు లేకపోలేదు. పైన్ కాయల మీద పెరిగే ఒక చిన్న పుట్టగొడుగులో 1970ల్లో దొరికిన స్ట్రోబిలురిన్ ఆధారంగానే అజోక్సిస్ట్రోబిన్ లాంటి పంట మందులు వచ్చాయి. అవి ఎజోల్ కుదురువి కావు.

మన ఇంటి సంగతి ఇంకా ఘోరం. హైదరాబాదు చుట్టుపక్కల ముడిమందుల పరిశ్రమల ప్రాంతంలోని నీటిని పరీక్షించిన ఒక అధ్యయనం 2017లో అచ్చయింది. ఒక నమూనాలో లీటరుకు 200 మిల్లీగ్రాములకు పైగా ఫ్లూకోనజోల్ తేలింది. పైన రోగి ఒంట్లో లీటరుకు 10 మిల్లీగ్రాములని లెక్క వేశాం కదా. అంటే మురుగు కాలవలో రోగి రక్తంలోకన్నా ఇరవై రెట్లు మందు. కొత్త మందు కోసం ఒక చేత్తో కోట్లు ఖర్చుపెడుతూ, ఇంకో చేత్తో పాత మందును కాలవలో పోసి సూక్ష్మజీవులకు తర్ఫీదు ఇస్తున్నాం.

కాండిడా ఆరిస్‌ను 2009లో టోక్యోలో ఒక రోగి చెవిలో మొదటిసారి గుర్తించారు. కొద్ది ఏళ్లలోనే ఢిల్లీతో సహా ప్రపంచమంతా ఐసీయూల్లో తేలింది. 2021లో మన శాస్త్రజ్ఞులే అండమాన్ తీరపు ఉప్పు చిత్తడిలో, ఇసుకలో దాన్ని పట్టారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటిసారి ప్రమాదకర ఫంగస్‌ల జాబితా వేసి, 19 పేర్లలో దీన్ని మొదటి తరగతిలో పెట్టింది. నేను చేరిన రోజుల్లో ఫంగస్ అంటే చర్మం మీద మచ్చ అనుకునేవారు.

8. తామర క్రీములో స్టెరాయిడ్

ఇది అందరికీ. దురద తగ్గిందని వాడే మూడు మందుల మిశ్రమం ట్యూబుల్లో క్లోబెటాసాల్ లాంటి బలమైన స్టెరాయిడ్ ఉంటుంది. అది మంటను అణిచి, చర్మం తన రక్షణ తాను చేసుకోకుండా చేస్తుంది. ఎరుపు పోతుంది, ఫంగస్ లోపల హాయిగా పెరుగుతుంది. ట్యూబు ఆపగానే రెండింతలై తిరిగి వస్తుంది. దేశమంతా ఇలా పెంచి పోషించాక, టెర్బినాఫిన్‌కు లొంగని తామర ఫంగస్ ఒకటి స్థిరపడింది. 2020లో దానికి ట్రైకోఫైటన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మన దేశం పేరు దానికి అంటింది. ఇలాంటి కీర్తి మనకు అక్కర్లేదు.

9. కంపెనీ మీద ఆశ పెట్టుకోండి, భరోసా పెట్టుకోవద్దు

మట్టి నుంచి తీసిన ఒక పదార్థాన్ని మేము ఎలుకల దాకా తీసుకెళ్లాం. ఒక కంపెనీ ఒప్పందం రాసుకుంది, ఏడాది తిరగకుండానే యాజమాన్యం మారి ఫైలు అటకెక్కింది. కోపం వచ్చింది కానీ వాళ్ల లెక్క అర్థమైంది. బీపీ మాత్ర జీవితాంతం, ఫంగస్ ఇంజెక్షన్ మూడు వారాలు. అది వాడేవాళ్లు కూడా ఐసీయూలో ఉన్న కొద్దిమంది. ఈ రంగంలో ప్రభుత్వ డబ్బు లేకుండా పని నడవదు, దాని కోసం అడగడానికి మొహమాటపడొద్దు.

10. ఫ్రీజర్‌లో ఉన్నవాటిని ఇచ్చేయండి

మందు రాకపోయినా స్ట్రెయిన్ మిగులుతుంది. అడవిలో, సముద్రపు ఒడ్డున, చెరువు గట్టున ఏరుకొచ్చి పెంచిన స్ట్రెప్టోమైసిస్‌లు, ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న మొండి కాండిడాలు మన దేశంలో ఎన్ని ల్యాబుల ఫ్రీజర్లలో మూలుగుతున్నాయో లెక్క లేదు. ప్రొఫెసర్ రిటైరవుతాడు, గదికి కొత్త మనిషి వస్తాడు, సీసాల మీద లేబుళ్లు ఊడిపోయి ఉంటాయి. ఒక వేసవి రాత్రి కరెంటు పోతే ముప్ఫై ఏళ్ల సేకరణ తెల్లారేసరికి నీరవుతుంది. ఆనాడు మనం చూసింది మామూలు కాండిడా ఒక్కదాని మీదే. అదే స్ట్రెయిన్ ఇవాళ ఆరిస్ మీద పనిచేస్తుందేమో పెట్టి చూసే వీలు కూడా దాంతో పోతుంది.

చండీగఢ్‌లో ఎంటీసీసీ అనే కేంద్రం 1986 నుంచి సూక్ష్మజీవులను భద్రపరుస్తోంది. అక్కడే పీజీఐ ఆసుపత్రిలో రోగకారక ఫంగస్‌లకు జాతీయ సేకరణ కేంద్రం ఉంది. పుణెలో ఆఘార్కర్ సంస్థలో ఫంగస్‌లకు మరొకటి ఉంది. వీటికి స్ట్రెయిన్ పంపేటప్పుడు అది ఎక్కడ, ఏ రోజు, ఏ మట్టిలో దొరికిందో, దేనిమీద పనిచేసిందో, ఎర్రకణాల పరీక్షలో ఏం తేలిందో ఒక పేజీ రాసి జతచేయండి. పనిచేయనిదైతే పనిచేయలేదనే రాయండి. రిటైర్మెంటు దగ్గరపడ్డ నా తోటివారికి నా విన్నపం ఇదొక్కటే: వీడ్కోలు సభ తేదీ ఖాయం కాకముందే మీ స్ట్రెయిన్లను ఈ కేంద్రాల్లో ఒకదానికి పంపించండి.